భయ మెవరికి? – శ్రీ రమణమహర్షి జీవితము

మానవుని వెన్నంటి తిరుగు శత్రువులలో భయమును మించినది లేదు. పసివానికి చీకటి యనిన భయము. విద్యార్థికి పరీక్ష యనిన భయము. గృహస్థునకు దారిద్ర్యమనిన భయము. వృద్ధునకు రోగమనిన భయము. వీని కన్నిటికిని తల్లివేరు మృత్యుభయము. కొమ్మల నెన్ని నరికినను వేరున్నంత కాలము చెట్టు మరల చిగిర్చుచునే యుండును. అందువలననే మన పూర్వులు అభయదానమును దానములలో మేలైనదానిగ నెన్నిరి. యోగశాస్త్రము భయమునకు దేహములో నొక స్థానమును నిర్ణయింప యత్నించినది. వేదాంతము భయపడువా డెవడో తెలిసికొమ్మని బోధించినది. ఈ రెండు మార్గములును ఎచ్చట కలియునో తన జీవితమున చూపిన మహనీయులు శ్రీ రమణమహర్షి. ఆయన యీ విద్యను ఏ గురుకులమునందును నేర్వలేదు. పదునారేండ్ల ప్రాయమున, ఉన్నత పాఠశాలలో చదువుకొను దినములలో, ఒంటరిగ నొక గదిలో దానిని కనుగొనిరి.

బాల్యము

మధురకు సుమారు 30 మైళ్ల దూరమున తిరుచ్చుళి యను గ్రామము కలదు. అచ్చట సుందరమయ్యరు అను గృహస్థుడు అర్జీలు వ్రాయుటతో జీవితము నారంభించి, పట్టా లేకున్నను ప్లీడరుగా పేరు గడించెను. ఆయన భార్య అళగమ్మాళ్. ఈ దంపతుల రెండవ కుమారుడు వేంకటరామన్. 1879వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీని, ఆరుద్రా దర్శన పుణ్యదినమున, అర్ధరాత్రి దాటిన పిమ్మట అతడు జన్మించెను. అతనికి నాగస్వామి యను అన్నయు, నాగసుందర మను తమ్ముడును, అలమేలు అను చెల్లెలును ఉండిరి.

బాలుడు దృఢకాయుడు. ఫుట్‌బాలు, కుస్తీ, ఈత – వీనియందు అతనికి గల మక్కువ పుస్తకములయందు లేదు. ఒకసారి విన్న పాఠమును అప్పగింపగల జ్ఞాపకశక్తి యుండుటచే తరగతిలో నెట్టుకొని వచ్చుచుండెను. అతని నిద్ర మిక్కిలి గాఢమైనది. మేలుకొని యున్నపుడు అతని బలమునకు జంకు సహపాఠులు, నిద్రపోవుచున్నపుడు ఎత్తుకొనిపోయి, తనివితీర కొట్టి, మరల తెచ్చి పడకపై పరుండబెట్టెడివారు. తెల్లవారిన పిమ్మట అతనికి ఆ సంగతియే తెలియకుండెడిది.

1892వ సంవత్సరమున తండ్రి మరణించెను. వేంకటరామనుకు అప్పటికి పండ్రెండేండ్లు. ఆ మరణముతో కుటుంబము రెండుగ చీలెను. అన్నదమ్ము లిరువురును మధురలో పినతండ్రి సుబ్బయ్యరు ఇంట చేరిరి. చిన్నపిల్లలు తల్లితో వేరొక బంధువు నింట నుండిరి. వేంకటరామన్ మొదట స్కాట్ మిడిల్ స్కూలునందును, తరువాత అమెరికన్ మిషన్ హైస్కూలునందును చదివెను. 1895వ సంవత్సరము నవంబరులో వృద్ధుడగు బంధు వొకడు ఇంటికి రాగా, ఎచ్చటినుండి వచ్చుచున్నారని బాలుడు అడిగెను. అరుణాచలమునుండి యని ఆయన చెప్పెను. ఆ నామము అతని మనస్సును కదల్చివేసెను. అది భూమిమీద నున్న యొక ఊరనియు, తిరువణ్ణామలయే అరుణాచలమనియు అప్పుడే తెలిసెను. కొంతకాలమునకు శివభక్తుల చరిత్రమగు పెరియపురాణము అతని చేతికి వచ్చెను. అతడు తనంత తాను ఆసక్తితో చదివిన మొదటి మతగ్రంథ మదియే. అయినను ఆ ముద్ర పైకి కనబడలేదు. ఆటలు ఆటలుగనే సాగెను. చదువు చదువుగనే కుంటెను.

మృత్యు సందర్శనము

1896వ సంవత్సరము జూలై నెల నడుమ నొకనాడు వేంకటరామన్ పినతండ్రి యింటి మేడమీది గదిలో ఒంటరిగ కూర్చుండెను. దేహమున జ్వరము లేదు, నొప్పి లేదు. దిగులు పడదగిన సంగతియు ఏదియు లేదు. అట్టి వేళ తాను ఇప్పుడే చనిపోవుచున్నానను భయము అకస్మాత్తుగ అతనిని ముంచివేసెను. కేకవేసి ఎవరినైన పిలువవలెనను తలంపుగాని, వైద్యుని కొరకు పరుగెత్తవలెనను తలంపుగాని అతనికి తోచలేదు. ఈ చిక్కును తానే, అప్పుడే, అచ్చటనే విడదీసికొనవలెనని తోచెను.

భయము సాధారణముగ మనస్సును బయటికి తరుమును. మనము తలుపువైపునకో, తోడువైపునకో, మరియొక తలంపువైపునకో పరుగిడుదుము. వేంకటరామన్ విషయమున ఆ అదురు మనస్సును లోనికి త్రిప్పెను. మరణము వచ్చినది, సరియే. మరణించున దేది? ఈ ప్రశ్నను అతడు మాటలతో మాత్రము అడిగి యూరకుండలేదు. కాళ్లు చేతులు చాచి శవమువలె నిశ్చలముగ పరుండెను. ఊపిరి బిగబట్టెను. ఒక్క శబ్దమైనను వెలువడకుండ పెదవులు మూసెను. ఈ దేహము చచ్చినది. దీనిని శ్మశానమునకు మోసికొనిపోయి దహింతురు. ఇది బూడిద యగును. దీనితో నేనును పోయితినా? దేహము మౌనముగ, జడముగ పడియున్నది. అయినను నేనను స్ఫురణము లోపల నిండుగ వెలుగుచునే యున్నది. కనుక దేహము పోయినను పోనిది ఏదియో కలదు. అదియే తాను. ఈ నిశ్చయము తర్కముతో మెట్టుమెట్టుగ రాలేదు, మెరపువలె ప్రత్యక్షమాయెను. ఇదంతయు కొద్దిసేపటిలో ముగిసెను. మృత్యుభయము ఆనాటితో అతనిని విడిచి మరల రాలేదు.

కారణము కనబడకయే పైకొను ఇట్టి తీవ్రభయమును నేటి వైద్యశాస్త్రము ఎరుగును. గుండె దడదడలాడుట, ఊపిరి అందకుండుట, మరణము సమీపించెనను గట్టి నమ్మకము – ఇవి దాని గుర్తులు. దానికి చికిత్సయు కలదు. అట్టి బాధ గల బాలుడు తలిదండ్రులకో ఉపాధ్యాయునకో చెప్పుకొని వైద్యుని యొద్దకు పోవుట పిరికితనము కాదు. వేంకటరామన్ ఊపిరి బిగబట్టిన విషయము అనుకరింపదగిన అభ్యాసముగ గ్రహింపరాదు. ఆయన తరువాతి కాలమున ఏబది సంవత్సరములకు పైగా లోకమునకు బోధించినది శవమువలె పరుండుటను గాదు, నేనెవడనను విచారణమును. ఆ గదిలో జరిగిన దానియందు గ్రహింపదగినది ఒక్కటియే: అతడు భయమును తరుమలేదు, దాచుకొనలేదు, దానిని రానిచ్చి, అది ఎవరికి వచ్చినదో చూచెను.

అరుణాచల ప్రయాణము

పిమ్మట బాలుని నడవడి మారెను. కోపము తగ్గెను. ఎవరేమనినను పడుచుండెను. అన్నములో రుచులు వెదకుట మానెను. సాయంకాలము ఆటస్థలమునకు మారుగ మీనాక్షీదేవి ఆలయమునకు పోయి, విగ్రహముల యెదుట కన్నీరు కార్చుచు నిలుచుండెను. ఇంటివారికిని ఉపాధ్యాయులకును ఇది చదువు ఎగవేయుటగ కనబడెను. వారిని తప్పుపట్టుటకు వీలులేదు. బాలుని లోపల జరిగినదానిని అతడు ఎవరికిని చెప్పలేదు.

ఆగస్టు 29వ తేదీ శనివారము. ఆంగ్ల వ్యాకరణ పాఠము నేర్వనందుకు ఉపాధ్యాయుడు దానిని మూడుమారులు వ్రాసి తెమ్మని శిక్ష విధించియుండెను. బెయిన్ పండితుని వ్యాకరణమును ముందుంచుకొని వేంకటరామన్ రెండుమారులు వ్రాసెను. మూడవమారు కలము సాగలేదు. పుస్తకమును త్రోసి కన్నులు మూసి కూర్చుండెను. చూచుచున్న అన్న, ఇట్లుండువానికి ఈ చదువు లెందుకని మందలించెను. ఆ మాటలో నిజమున్నదని తమ్మునికి తోచెను. బడిలో ప్రత్యేక తరగతి కలదని చెప్పి లేచెను. అట్లయిన పెట్టెలోని అయిదు రూపాయలు తీసికొని తన కళాశాల జీతము చెల్లింపుమని అన్న చెప్పెను. పినతల్లి అన్నము పెట్టి ఆ సొమ్ము ఇచ్చెను. బాలుడు పాత భూగోళపటము చూచి తిండివనము దగ్గరి స్టేషనని లెక్కించి, మూడు రూపాయలు తీసికొని, రెండు రూపాయలను ఒక జాబుతో నుంచి వెడలిపోయెను. ఆ జాబు మొదట నేనని ఆరంభమై, నడుమ నుండి తన్ను ఇది యని పేర్కొనుచు, తుదను సంతకము లేకయే ముగిసినది. కళాశాల జీతము కట్టలేదని తెలుపుట మాత్రము ఆ బాలుడు మరువలేదు.

తిండివనమునకు టిక్కెట్టు వెల రెండు రూపాయల పదమూడణాలు. రైలులో నొక మౌల్వీ, విళుప్పురమునుండి తిరువణ్ణామలకు రైలు మార్గము పడియున్నదని చెప్పెను. చేతిలో మిగిలిన డబ్బు చాలక బాలుడు కొంతదూరము రైలుమీదను, కొంతదూరము కాలినడకను పోయెను. దారిలో అరయణినల్లూరు ఆలయమున కొంతసేపు నిలిచెను. గోకులాష్టమినాడు ముత్తుకృష్ణ భాగవతరు అను పుణ్యాత్ముని యింట ఆతిథ్యము లభించెను. తన చెవుల బంగారు పోగులను ఆయన యొద్ద కుదువబెట్టి నాలుగు రూపాయలు తీసికొనెను. 1896వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ ఉదయమున తిరువణ్ణామలలో దిగి, నేరుగ అరుణాచలేశ్వరుని సన్నిధికి పోయెను. ఆలయము వెలుపలికి వచ్చిన పిమ్మట తల గొరిగించుకొనెను, మిగిలిన డబ్బును అయ్యన్‌కుళము చెరువులో విసరివేసెను, జందెమును తీసివేసెను. తరువాతి 54 సంవత్సరములలో ఆయన ఆ కొండను విడిచిపోలేదు.

దేహము కోలుకొనుట

భయము తొలగినంతనే జీవిత మంతయు చక్కబడినదని అనుకొనరాదు. మనస్సు లోపల మునిగి దేహమును మరచెను. వేయికాళ్ల మంటపమున కూర్చుండిన బాలమౌనిపై ఆకతాయి పిల్లలు రాళ్లు విసరిరి. వారి బాధ తప్పించుకొనుటకు ఆయన పాతాళలింగమను నేలమాళిగలో చేరిరి. అది చీకటి కూపము. చీమలు, పురుగులు తొడలను తొలిచి పుండ్లు చేసెను. రక్తము, చీము కారి నేలకు అంటుకొనెను. ఆయనకు ఎరుక లేదు. శేషాద్రిస్వామి యను సిద్ధపురుషుడు ఆయనను కాపాడ యత్నించుచుండెను. తుదకు వేంకటాచల మొదలియారు అను గృహస్థుడు మరికొందరి సాయముతో ఆ దేహమును వెలుపలికి మోసికొనివచ్చెను. ఆ పుండ్ల మచ్చలు ఆయన తొడలపై జీవితాంతము నిలిచెను.

అటుపిమ్మట దేహము మెల్లమెల్లగ లోకమునకు మరలెను. ఈ కోలుకొనుట కొన్ని సంవత్సరములు పట్టెను. మొదట ఇతరులు నోటిలో పెట్టిన పిడికెడు అన్నమే ఆహారము. 1897లో గురుమూర్త మను మఠమునకు చేరిన పిమ్మట పళనిస్వామి యను సేవకుడు కొడుకును వలె ఆయనను సాకెను. ఎక్కువ కాలము కదలక కూర్చుండుటచే లేచి నిలుచుటయే కష్టమయ్యెను. మాటాడు అలవాటు తప్పుటచే మౌనము వ్రతము కాకయే నిలిచిపోయెను. 1898వ సంవత్సరమున తల్లి వెదకికొనుచు వచ్చి, ఇంటికి రమ్మని దినముల తరబడి ఏడ్చెను. కొడుకు కాగితముపై సమాధానము వ్రాసి యిచ్చెను: జరుగవలసినది జరుగును, జరుగరానిది ఎంత యత్నించినను జరుగదు, ఊరకుండుటయే మేలు. తల్లి కన్నీటితో వెనుదిరిగెను. 1899లో ఆయన కొండపై విరూపాక్షగుహకు చేరిరి. అచ్చట క్రమముగ నడచుట, తినుట, నలుగురితో మెలగుట, కొండపై తిరుగుట, అడిగినవారికి బదులు చెప్పుట – అన్నియు సహజముగ మరల వచ్చెను. భయము పోవుటకు కొద్దిసేపు పట్టినది. ఆ స్థితి దినచర్యలో ఇముడుటకు పెక్కేండ్లు పట్టినవి. ఆత్మవిద్యను గూర్చి తొందరపడువారు ఈ భేదమును గమనింపవలెను.

షట్చక్రములు

విరూపాక్షగుహకు వచ్చినవారిలో గంభీరం శేషయ్య యొకడు. తిరువణ్ణామల పురపాలక సంఘములో ఓవర్సీరుగ నుండి, వివేకానందస్వామి రాజయోగమును చదివి, అందలి సందేహములను అడుగుచుండెడివాడు. 1900 మొదలు 1902 వరకు మౌనస్వామి కాగితపు ముక్కలపై వ్రాసి యిచ్చిన సమాధానములే తరువాత విచారసంగ్రహమను పేర గ్రంథమాయెను. నేనెవడనను ప్రసిద్ధ గ్రంథమునకు మూలము, 1902లో శివప్రకాశం పిళ్లె యను రెవిన్యూ ఉద్యోగి అడిగిన ప్రశ్నలు.

యోగులు చెప్పు చక్రవిద్యను ఇచ్చట కొంచెము తెలిసికొనుట అవసరము. వెన్నెముకలోని సుషుమ్నానాడి వెంబడి ఆరు పద్మములు కలవని తంత్రశాస్త్రము చెప్పును. మూలాధారమునకు నాలుగు, స్వాధిష్ఠానమునకు ఆరు, మణిపూరమునకు పది, అనాహతమునకు పండ్రెండు, విశుద్ధమునకు పదునారు, ఆజ్ఞకు రెండు దళములు. ఈ ఏబది దళములును ఏబది వర్ణములకు స్థానములు. శిరస్సున సహస్రారము. మూలాధారమున నిద్రించు కుండలినీశక్తి మేల్కాంచి, బ్రహ్మ, విష్ణు, రుద్ర గ్రంథులను భేదించుకొని సహస్రారమును చేరుటయే యోగసిద్ధి. 16వ శతాబ్దమున వంగదేశీయుడగు పూర్ణానందుడు రచించిన షట్చక్రనిరూపణము ఈ విద్యకు ప్రమాణగ్రంథము. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి సర్ జాన్ ఉడ్రఫ్ దానిని 1919లో ఆంగ్లమున ప్రకటించిన పిమ్మట ఈ విద్య పాశ్చాత్యులకును తెలిసెను.

భయమున కీ విద్యలో స్థాన మేది? ఒక్కొక్క దళమునకు ఒక్కొక్క చిత్తవృత్తిని కేటాయించు పద్ధతి కొన్ని గ్రంథములలో కలదు. అందు లజ్జ, ఈర్ష్య, తృష్ణ, విషాదము, మోహము మున్నగువానితో పాటు భయమును నాభిస్థానమగు మణిపూరమునకు చెందినదిగ చెప్పిరి. ఇటీవలి పుస్తకములు మాత్రము భయమును మూలాధారమునకు చెందినదిగ చెప్పుచున్నవి. లెక్క యెట్లున్నను, భయము దేహమున తెలియునన్న సంగతి అనుభవసిద్ధము. పరీక్షా ఫలితములు చూడబోవు విద్యార్థికి కడుపులో త్రిప్పును, గుండె కొట్టుకొనును, గొంతు ఆరును. భయము కేవలము ఊహ కాదనియు, దేహ ప్రాణములను పట్టి యుండుననియు యోగులు గమనించుట గొప్ప విషయము. ప్రాణమును నెమ్మదించినచో మనస్సు నెమ్మదించును.

మహర్షి దీనిని కాదనలేదు. మనస్సును ప్రాణమును ఒకే మూలమునుండి పుట్టుచున్నవి. కావున ప్రాణమును అణచిన మనస్సును అణగును. కాని ఆ అణకువ ప్రాణము కదలునంత వరకే. మరల ఊపిరి సాగగానే మనస్సు తన వాసనల వెంట పరుగిడును. అందువలన ప్రాణాయామము సహాయమే గాని తుది మందు కాదు. చక్రములను చూచుచున్నది ఎవరు? శక్తి మేల్కాంచినదని తెలియుచున్న దెవరికి? ఆ తెలివి పుట్టుచోటును వెదకుడని ఆయన బోధ. ఆ చోటును ఆయన హృదయమని పేర్కొనిరి. అది రక్తమును నడపు గుండె కాదు. చక్రములలోని అనాహతమును కాదు. ఎవడైనను నేనని తన్ను చూపుకొనునపుడు చేయి పోవు రొమ్ము కుడివైపున దానిని సూచించిరి. సహస్రారమును చేరిన శక్తియు మరల హృదయమున లయింపవలసినదే యని వివరించిరి. మేడగదిలో భయపడిన బాలుడు ఏ చక్రమును ఎరుగడు. కాని యోగి పెక్కేండ్ల సాధనమున చేరుచోటికే ఆ ఒక్క ప్రశ్న అతనిని చేర్చెను.

కావ్యకంఠ గణపతిముని

ఈ రెండు మార్గముల సమాగమమున ఒక తెలుగువాని పాత్ర మిక్కిలి ముఖ్యమైనది. బొబ్బిలి సమీపమున కలువరాయి గ్రామమున 1878లో జన్మించిన అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి, 1900లో నవద్వీప పండితసభలో ఆశుకవిత్వముచే కావ్యకంఠ బిరుదమును పొందెను. మంత్రజపమున ఆయనను మించినవారు అరుదు. అయినను అంతటి పండితుని తపస్సు ఫలింపలేదను వేదన దహించుచుండెను. చదువదగిన దంతయు చదివితిని, జపింపదగిన దంతయు జపించితిని, తపస్సనగా నేమో మాత్రము తెలియలేదు – ఇది ఆయన దుఃఖము. 1907వ సంవత్సరము నవంబరు 18వ తేదీని ఆయన విరూపాక్షగుహకు ఎక్కిపోయి మౌనస్వామి పాదములపై బడెను. నేనను తలంపు ఎచ్చటనుండి పుట్టుచున్నదో గమనించిన మనస్సు అచ్చట లయించుననియు, అదియే తపస్సనియు, మంత్రము జపించుచున్నచో ఆ నాదము పుట్టుచోటును గమనింపుమనియు స్వామి తెలిపిరి. పండితుని కలత తీరెను. భగవాన్ శ్రీ రమణమహర్షి యను నామమును వేంకటరామనుకు ఇచ్చినది ఆయనయే. 1917 నాటి సంభాషణలతో ముగిసిన ఆయన రమణగీత సంస్కృతమున మహర్షి బోధను, హృదయవిద్యను, గ్రంథిభేదమును సంగ్రహించినది.

1922లో గణపతిమునికి తీవ్రమైన కుండలినీ అనుభవము కలిగెననియు, శిరస్సున భరింపరాని తాపము పుట్టెననియు, మహర్షి ఆయనను ఉపశమింపజేసిరనియు చరిత్రకారులు వ్రాసిరి. గణపతిముని శక్త్యుపాసనను విడువలేదు. మహర్షి విడువుమని చెప్పలేదు. గురువు శిష్యుని స్వభావమును చెరుపక, అతని మార్గముననే అతని ప్రశ్నను లోతుపరచిరి. ఉపాధ్యాయులకు ఇందు ఒక పాఠము కలదు. గణపతిముని 1936లో ఖరగ్‌పూర్ సమీపమున దేహము చాలించిరి.

నిర్భయ జీవనము

1912లో ఒకనాడు మహర్షి పచ్చయమ్మన్ కోవెలనుండి గుహకు మరలి వచ్చుచుండిరి. కూర్మశిల యొద్ద తెల్లని తెర దిగినట్లు ఎదుటి దృశ్యము మరుగుపడెను. రక్తప్రసరణము నిలిచెను, ఊపిరి ఆగెను, చర్మము నీలివర్ణము దాల్చెను. వెంటనున్న వాసుదేవశాస్త్రి మహర్షి మరణించెనని కౌగిలించుకొని బిగ్గరగ ఏడ్చెను. పది పదునైదు నిమిషములకు దేహము అదరి ప్రాణము మరల ప్రసరించెను. ఇంతసేపును తన ఎరుక ఎప్పటివలెనే యుండెనని, శాస్త్రి వణకుటయు ఏడుపును తెలియుచునే యుండెనని మహర్షి పిమ్మట తెలిపిరి. 1896లో బాలుడు నటించి చూచిన మరణము ఈమారు నటన లేకయే వచ్చెను. భయము మాత్రము రాలేదు.

ఈ నిర్భయత్వము కఠినత్వము కాదు. పొదలోని కందిరీగల గూటికి కాలు తగిలి అవి ముసిరినపుడు, తప్పు తన కాలిదే యని ఆయన కదలక నిలిచిరి. కాలు వాచి బాధపెట్టెను. ఆశ్రమమున పాములను చంపనీయలేదు. 1924వ సంవత్సరము జూన్ 26వ తేదీ రాత్రి దొంగలు ఆశ్రమమున చొరబడిరి. ఇనుపకమ్మితో ఎదిరింపబోయిన శిష్యుని ఆయన వారించి, కావలసినది తీసికొనుడని దొంగలతో చెప్పిరి. వారు ఆయన తొడపై కొట్టిరి. దొంగలకు దొరకినది అత్యల్పము. దెబ్బతిన్న ఇతరులకు మందు వేయించుటయే ఆయన మొదటి పని యాయెను. భక్తుల చరిత్రములు చదువుచు కన్నీరు ఆపుకొనలేక పుస్తకము మూసిన సందర్భములు పెక్కు. భయము లేనివాడు రాయి కాడు. భయము ఆక్రమించిన చోటును కరుణ ఆక్రమించును.

అరుణాచలమునుండి వట్టి చేతులతో మరలిన తల్లి 1916లో కొడుకు యొద్దకే వచ్చి నిలిచెను. 1922వ సంవత్సరము మే 19వ తేదీని ఆమె అవసానదశలో నుండగా, మహర్షి కుడిచేతిని ఆమె హృదయముపైనను ఎడమచేతిని శిరస్సుపైనను ఉంచి గంటల తరబడి కూర్చుండిరి. ఒంటరిగ మృత్యువును చూచిన బాలుడు, తల్లిని ఒంటరిగ చూడనీయలేదు. ఆమె సమాధి చుట్టునే శ్రీరమణాశ్రమము వెలసెను.

లోకమున దెబ్బతిన్నవారు పెక్కుమంది అచ్చట కోలుకొనిరి. గుంటూరు మండలమున 1902లో జన్మించిన సూరి నాగమ్మ బాల్యముననే తలిదండ్రులను, పిమ్మట భర్తను కోల్పోయి, శోకములో మ్రగ్గి, 1941లో ఆశ్రమమునకు వచ్చెను. 1945 మొదలు 1950 వరకు ఆమె అన్నగారికి తెలుగున వ్రాసిన లేఖలు మహర్షి దినచర్యకు అద్దము పట్టిన గ్రంథమాయెను. శోకముచే మూగయైన స్త్రీ, ఆ సన్నిధిలో రచయిత్రి యయ్యెను.

తుది పరీక్ష

1948 తుదిని మహర్షి ఎడమ మోచేతి క్రింద చిన్న గడ్డ పుట్టెను. 1949 ఫిబ్రవరిలో వైద్యులు దానిని కోసివేసిరి. అది మరల పెరిగెను. సార్కోమా యను పుట్టకురుపని తేలెను. రేడియం చికిత్స చేసిరి. ఆ సంవత్సరము డిసెంబరు లోపల నాలుగు పర్యాయములు శస్త్రచికిత్స జరిగెను. చేయి తీసివేయవలెనని వైద్యులు చెప్పగా ఆయన సమ్మతింపలేదు. నొప్పి లేదని ఆయన నటింపలేదు. నొప్పి దేహమునకని తెలిపి, దర్శనమునకు వచ్చు జనమును మాత్రము ఆపనీయలేదు. భక్తులు భయపడుచుండిరి, రోగి వారిని ఓదార్చుచుండెను. తాను పోవుచున్నానని అందరును దుఃఖించుచున్నారు గాని, పోవుటకు చోటెక్కడిదని ఆయన భావము.

1950వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీ శుక్రవారము సాయంకాలము, వెలుపలి వరండాలో భక్తులు అక్షరమణమాలను గానము చేయసాగిరి. విరూపాక్షగుహలో నున్నపుడు భిక్షకు పోవు శిష్యులకై ఆయనయే రచించిన స్తోత్ర మది. ఆయన కన్నులు తెరచిరి. కనుకొలకుల నుండి ఆనందబాష్పములు జారెను. రాత్రి 8 గంటల 47 నిమిషములకు ఊపిరి మెల్లగ నిలిచెను. ఆ సమయమున ఆకాశమున నొక ఉల్క సాగిపోవుటను దూరప్రాంతములవారు సైతము చూచిరి.

మధురలోని మేడగదికిని తిరువణ్ణామలలోని ఈ చిన్న గదికిని నడుమ 54 సంవత్సరములు. మొదటి గదిలో బాలుడు దేహమును శవముగ భావించి చూచెను. రెండవ గదిలో దేహము నిజముగనే రాలెను. మొదటినాడు దొరకిన సమాధానము కడపటినాడును చెక్కుచెదరలేదు. జీవితమున కనుగొన్న సత్యమునకు ఇంతకన్న గట్టి పరీక్ష వేరొకటి యుండదు.

మహర్షి వలె అందరును ఇల్లు విడువవలసిన పని లేదు. తన్ను చూచి సన్న్యసింప వచ్చిన గృహస్థులను ఆయన ప్రోత్సహింపలేదు. ఉన్నచోటనే విచారింపుడని పంపిరి. పరీక్షాభవనమున గుండె దడదడలాడు విద్యార్థికిని, పరీక్షాధికారి రాకకు జంకు ఉపాధ్యాయునకును ఆ విచారణ అందుబాటులోనే యున్నది. భయము వచ్చినపుడు నెమ్మదిగ ఊపిరి పీల్చుట మేలు. పెద్దలతో చెప్పుకొనుట మేలు. అవసరమైనచో వైద్యుని చూచుట మేలు. ఇవన్నియు చేయుచునే, ఈ భయము ఎవరికి కలిగినదని క్షణకాలము లోనికి చూచుటకు ఖర్చు లేదు, అర్హత అవసరము లేదు. వ్యాకరణ పాఠమును మూడవమారు వ్రాయలేకపోయిన విద్యార్థి లోకమునకు అందించిన పాఠమిది.